కిందికి చూస్తే కనపడే శిఖరం

అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ అనే పెద్ద లోయకి ఉత్తరపు గట్టు మీద కేప్ రాయల్ అని ఒక మొన ఉంది. కొన్నేళ్ల కిందట అక్కడ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంటే, పక్కన తెలుగు మాటలు వినపడ్డాయి. ఒకబ్బాయి వాళ్లమ్మకి చెయ్యి చాపి చూపిస్తున్నాడు.

"అదిగోమ్మా, విష్ణు టెంపుల్."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు వెతికింది. "గోపురం ఏదిరా?"

"గుడి కాదమ్మా, ఆ కొండ పేరే అది."

"కొండైతే తలెత్తి చూడాలి కదరా, కిందికి చూపిస్తావేంటి?"

అబ్బాయి నవ్వేసి ఫోటోల్లో పడ్డాడు. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నాతో పాటు ఇంటికి వచ్చేసింది. నిజానికి గ్రాండ్ కేన్యన్ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. మనం నిలబడిన చోటు సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు. ఎదురుగా కనిపించే విష్ణు టెంపుల్ కొన 2,296 మీటర్లు. అంటే మన పాదాల కంటే వంద మీటర్లు కిందే ఉంది. అయినా అది శిఖరమే. దాని మొదట్లో పారే కొలరాడో నది దగ్గరికెళ్లి తలెత్తితే, నెత్తి మీద ఇంచుమించు కిలోమీటరున్నర ఎత్తు కొండ.

మనకు తెలిసిన కొండల లెక్క వేరు. తిరుపతి చదును మీద ఉంటుంది, తిరుమల పైన ఉంటుంది. ఇక్కడ తారురోడ్డు మీద, దేవదారు లాంటి చెట్ల అడవిలో, ఎక్కడా ఎత్తు ఎక్కుతున్నామనే అనుమానం లేకుండా కారు సాఫీగా పోతుంది. చివర్లో ఉన్నట్టుండి నేల అయిపోతుంది. ఆ చదును అడవి పేరు కైబాబ్ పీఠభూమి. అక్కడి పాయూట్ ప్రజల భాషలో కైబాబ్ అంటే 'పడుకున్న కొండ' అని చెబుతారు. ఇంత చక్కటి పేరు పెట్టినవాళ్లకి భూగోళశాస్త్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. మనం అప్పటికే కొండ మీద ఉన్నాం, అది పడుకుని ఉంది కాబట్టి తెలియలేదు, అంతే.

మరి ఆ పడుకున్న కొండ పక్కన ఈ నిలబడ్డ కొండలెలా వచ్చాయి? ఊళ్లో చెరువు పూడిక తీసేటప్పుడు చూసే ఉంటారు. ఎంత లోతు తవ్వారో తర్వాత కొలుచుకోవడానికి మధ్యలో అక్కడక్కడ మట్టిదిబ్బను ముట్టుకోకుండా వదిలేస్తారు. పని అయ్యాక చూస్తే ఎవరో మట్టి పోసి కట్టిన దిబ్బలా ఉంటుంది. కానీ ఎవరూ కట్టలేదు. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. ఆ గడ్డి ఉన్న మట్టమే ఒకప్పటి నేల మట్టం. విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, జొరాస్టర్ టెంపుల్ అన్నీ ఇలాంటి దిబ్బలే. వీటిని ఎవరూ పేర్చలేదు, భూమి పైకి నెట్టలేదు, అగ్నిపర్వతం కక్కలేదు. చుట్టూ ఉన్నదంతా పోగా మిగిలినవి. ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞులు ఇలాంటి గుట్టల్ని 'సాక్షి గుట్టలు' అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

రుజువు కావాలంటే పొరలు చూడాలి. గట్టు మీద మన కాళ్ల కింద ఉన్నది కైబాబ్ సున్నపురాయి, వయసు 27 కోట్ల ఏళ్లు. అందులో చెకుముకి రాయి ముద్దలు, సముద్రపు స్పంజికలు, గవ్వల అచ్చులు కనిపిస్తాయి. రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తున, ఎడారి మధ్యలో, గవ్వలు! దాని కింద టోరోవీప్ అనే పొర, ఆ కింద తెల్లగా నిటారుగా కోకోనినో ఇసుకరాయి. ఈ కోకోనినో ఒకప్పటి ఇసుక తిన్నెలు గడ్డకట్టిన రాయి. దగ్గరికెళ్తే ఏటవాలు గీతలు పొరలు పొరలుగా కనిపిస్తాయి, గాలి ఇసుకను తిన్నె అవతలి వైపుకి జార్చిన గీతలు. దాని మీద అప్పటి చిన్న జంతువులు నడిచిన పాదముద్రలు కూడా దొరికాయి. అంటే ఈ ఎడారిలోని రాయిలోనే ఇంకో ఎడారి ఉంది, దీనికీ దానికీ సంబంధం లేదు. ఇంకా కిందికి ఎర్రటి హెర్మిట్, మెట్లు మెట్లుగా సుపాయ్, ఆ కింద 150 మీటర్లకు పైగా నిలువుగా లేచిన రెడ్‌వాల్ సున్నపురాయి గోడ. రెడ్‌వాల్ నిజానికి ఎరుపు కాదు. విరగ్గొడితే లోపల బూడిద రంగు. పైనున్న సుపాయ్, హెర్మిట్ పొరల నుంచి వానకి కారిన ఇనుప తుప్పు వల్ల వచ్చిన ఎరుపది.

ఇప్పుడు విష్ణు టెంపుల్ వైపు చూస్తే ఇవే పొరలు, ఇదే వరసలో, ఇంచుమించు ఇదే మట్టంలో కనిపిస్తాయి. దక్షిణపు గట్టు వైపు చూసినా అంతే. మధ్యలో ఖాళీని మనసులో పూడ్చేస్తే పొరలు అటూ ఇటూ అతుక్కుంటాయి.

ఆవిడ గోపురం ఏదని అడిగింది కదా, అది మరీ అమాయకపు ప్రశ్నేం కాదు. గట్టి రాయి నిలువు గోడగా నిలబడుతుంది, మెత్తటి రాయి వాలుగా జారుతుంది. గోడ, వాలు, మళ్లీ గోడ, మళ్లీ వాలు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. అంతస్తులు అంతస్తులుగా గోపురం లెక్కే ఉంటుంది. 1880 ప్రాంతంలో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డటన్‌కి కూడా ఇది తూర్పు దేశాల పగోడాలా అనిపించి విష్ణు పేరు పెట్టాడు. ఆయన సైన్యంలో కెప్టెన్, అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఆయన మొదలుపెట్టిన వరసని తర్వాత పటాలు గీసినవాళ్లు కొనసాగించారు. అందుకే ఇవాళ పటంలో మను, బుద్ధ, రామ, కృష్ణ, దేవ అందరూ ఉన్నారు. పక్కనే ఈజిప్టు ఐసిస్, ఇరాన్ జొరాస్టర్, జర్మన్ల వోటాన్. మన దేవుళ్ల పేర్లు చూసి మనవాళ్లు మురిసిపోవడం సహజమే. తరతరాలుగా ఆ లోయలో బతికిన హవసుపాయ్, హోపీ, పాయూట్ ప్రజల మాటల్లోంచి మాత్రం ఈ శిఖరాలకి పేర్లు తీసుకోకపోవడం నాకెప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. లోయలోని ఒక విడిదికి 2022లో హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు. అంతకుముందు దాని పేరు ఇండియన్ గార్డెన్.

సరే, తవ్వింది ఎవరు? నది అంటారు అందరూ. సగమే నిజం. కొలరాడో నది సగటున వంద మీటర్ల వెడల్పు కూడా ఉండదు. లోయ వెడల్పు గరిష్ఠంగా 29 కిలోమీటర్లు. అంత సన్నటి నది అంత వెడల్పు లోయని ఎలా తవ్వింది? తవ్వలేదు. నది చేసింది రెండే పనులు. నిలువుగా కిందికి కోయడం, పక్కల నుంచి వచ్చి పడిన రాళ్లూ ఇసుకా మోసుకుపోవడం. రంపం అదే, లారీ కూడా అదే. వెడల్పు చేసింది మాత్రం వాన, మంచు, బరువు, ఇంకా ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే పక్క వాగులు. రాతి పగుళ్లలో చేరిన నీళ్లు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. కోకోనినో గోడ కింద హెర్మిట్ మెత్తగా పొడిపొడిగా రాలిపోతుంది. కింద ఆసరా పోయిన గోడ నిలువు పగుళ్ల వెంట పలకలు పలకలుగా ఊడిపడుతుంది. అందుకే గోడ ఎంత వెనక్కి జరిగినా నిటారుగానే ఉంటుంది.

పక్క వాగుల్ని తక్కువ అంచనా వేయకూడదు. 1966 డిసెంబరులో ఉత్తరపు గట్టు మీద పెద్ద వాన కురిసి, క్రిస్టల్ క్రీక్ అనే వాగు రాళ్లూ బురదా కలిసిన వరదతో దూసుకొచ్చి కొలరాడోలో పడింది. అప్పటిదాకా పడవలవాళ్లు పెద్దగా పట్టించుకోని చోటు ఒక్క దెబ్బతో ఆ నది మొత్తంలోనే అతి ప్రమాదకరమైన సుడుల్లో ఒకటైపోయింది. లక్షల ఏళ్ల పని అంటే రోజూ కొంచెం కొంచెం జరిగేదని మనం అనుకుంటాం. ఎడారిలో అలా కాదు. ఏళ్ల తరబడి ఏమీ జరగదు, తర్వాత ఒక మధ్యాహ్నం అంతా జరుగుతుంది.

వాగు నది దగ్గర మొదలై గట్టు వైపు వెనక్కి వెనక్కి కోసుకుంటూ పోతుంది. పక్కపక్కన రెండు వాగులు ఇలా కోస్తుంటే, వాటి మధ్య గట్టు నాలుకలా లోయలోకి చొచ్చుకొచ్చి మిగులుతుంది. కొన్నాళ్లకి ఆ నాలుక మొదట్లో రెండు వైపుల నుంచీ కోత పడి మెడ సన్నబడుతుంది. మెడ తెగి కిందికి దిగిపోతే కొన విడిపోతుంది. దాన్నే మనం శిఖరం అంటున్నాం. టోపీలాగా పైన గట్టి రాయి ఉన్నంతకాలం చదునుగా ఉంటుంది. టోపీ అరిగేకొద్దీ మొన తేలుతుంది. అదీ పోతే కింది పొరదాకా కుదించుకుపోతుంది.

ఈ దశలన్నీ ఒకే చోట చూడాలంటే కేప్ రాయలే సరైన జాగా. పక్కన వోటాన్స్ త్రోన్ అనే గుట్ట చదునుగా, నెత్తి మీద చెట్లతో, నిన్నమొన్న విడిపోయినట్టు ఉంటుంది. ఆ వెనకే విష్ణు, మొన తేలిపోయి. లోయ మధ్యలో ఫాంటమ్ రాంచ్ అనే విడిది వైపు వెళ్తే చియోప్స్ పిరమిడ్ అనే గుట్ట పై పొరలన్నీ పోగొట్టుకుని 1,646 మీటర్లకి కుంగిపోయి కనిపిస్తుంది.

శిఖరాలన్నీ నదికి ఉత్తరాన్నే ఎందుకు గుంపుకట్టాయి? దక్షిణాన ఇంత ఠీవిగా నిలబడ్డవి తక్కువే. కారణం పొరల వాలు. ఇక్కడ నేల మొత్తం దక్షిణానికి కొంచెం ఒరిగి ఉంది. ఉత్తరపు గట్టు దక్షిణపు గట్టు కంటే మూడు వందల మీటర్లు ఎత్తు. అందువల్ల ఉత్తరాన పడిన వాన, కరిగిన మంచు లోయలోకే పారతాయి. దక్షిణాన పడిన వాన లోయకి వీపు తిప్పి అటు పోతుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి ఉత్తరాన వానా మంచూ కలిపి ఏడాదికి 65 సెంటీమీటర్ల దాకా పడుతుంది, దక్షిణాన 40, లోయ అడుగున 20 చిల్లర. పోలిక కోసం, అనంతపురం జిల్లా సగటు 55. అంటే ఎడారి కేన్యన్ అని మనం అనే చోట పై గట్టు అనంతపురం కంటే తడి, అడుగు అందులో సగం కూడా లేనంత పొడి. జూలైలో అడుగున 41 డిగ్రీలు మామూలే. పైన స్వెట్టర్ వేసుకున్నవాళ్లు కనిపిస్తారు. ఇలా ఉత్తరం వైపు వాగులు పొడుగ్గా పెరిగాయి, గట్టు వెనక్కి పోయింది, నడుమ దిబ్బలు మిగిలాయి. నది దక్షిణపు గట్టుకి దగ్గరగా ఉండిపోయింది.

ఎడారి కాకపోయి ఉంటే ఇవేవీ ఇలా ఉండేవి కావు. తేమ దేశంలో రాయి మీద మట్టి పేరుకుంటుంది, మట్టి మీద గడ్డీ చెట్టూ, వాలంతా గుండ్రంగా నునుపు తేలుతుంది. ఇక్కడ కప్పడానికి మట్టి లేదు. ప్రతి పొరా దాని బలమెంతో బలహీనత ఎంతో బయటపెట్టుకుని నిలబడాల్సిందే. కానీ కోసే నదికి నీళ్లు ఈ ఎడారివి కావు, దూరాన రాకీ పర్వతాల మంచువి. కోయడానికి బయటి నీళ్లు, కోసిందాన్ని చెరపకుండా ఉంచడానికి లోపలి కరువు. ఈ రెండూ కలిసిరావడం వల్లే ఆ అంతస్తులు అంత పదునుగా ఉన్నాయి.

కోత ఎప్పుడు మొదలైందన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. 2012లో కొందరు పడమటి భాగం 7 కోట్ల ఏళ్ల నాటిదన్నారు. 2014లో ఇంకొందరు, పాత లోయ ముక్కలు కొన్ని ఉన్నమాట నిజమే గానీ అవన్నీ కలిసి ఇప్పటి గ్రాండ్ కేన్యన్ అయింది 50, 60 లక్షల ఏళ్ల కిందటే అన్నారు. నాకు రెండోదే నమ్మదగ్గదిగా తోస్తుంది. కాలిఫోర్నియా సింధుశాఖ తెరుచుకుని, నదికి దిగిపోవడానికి పల్లం దొరికింది కూడా ఇంచుమించు అప్పుడే.

ఇక శివ టెంపుల్ కథ. ఇది మొన తేలని శిఖరం, 2,300 మీటర్ల పైన ఇంకా కైబాబ్ టోపీతో, సుమారు 300 ఎకరాల చదునుతో, అడవితో. మన చెరువు దిబ్బ మీది పాత గడ్డి అన్నమాట. 1937లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి ఒక ఆలోచన వచ్చింది. గట్టు నుంచి విడిపోయి వేల ఏళ్లుగా ఒంటరిగా ఉన్న అడవి కదా, అక్కడి ఎలకలూ ఉడతలూ గట్టు మీదివాటి కంటే వేరుగా మారి ఉంటాయేమో చూద్దామని. దానికి కొంత ఆధారం లేకపోలేదు. కేన్యన్‌కి ఉత్తరాన కైబాబ్ ఉడత తెల్ల తోకతో ఉంటుంది, దక్షిణాన దాని దాయాది ఏబర్ట్ ఉడత వేరే రంగులో ఉంటుంది. లోయే వాటిని విడదీసింది. ఇంకేం, పత్రికలు డైనోసార్లదాకా వెళ్లిపోయాయి. హెరాల్డ్ ఆంథనీ నాయకత్వంలో బృందం బయల్దేరింది. ఆ కొండ ఎక్కాలంటే ముందు గట్టు దిగాలి, మధ్యలోని మెడ దాటాలి, ఆ తర్వాత ఎక్కాలి. సామాన్లు విమానంలోంచి పడేశారు.

పైన దొరికినవి గట్టు మీద ఉండే జంతువులే. జింక కొమ్ములు కూడా దొరికాయి. వీళ్లకంటే ఎంతో ముందు మూలవాసులు ఎక్కి వెళ్లిన ఆనవాళ్లు దొరికాయి. పైగా ఒక ఖాళీ కొడక్ ఫిల్ము పెట్టె! దక్షిణపు గట్టు మీద ఫోటో స్టూడియో నడిపే ఎమెరీ కోల్బ్, తనను ఆ బృందంలోకి తీసుకోలేదన్న ఉక్రోషంతో ముందే చడీచప్పుడు లేకుండా ఎక్కి దిగాడు.

నవ్వుకునే కథే గానీ అందులో ఒక పాఠం ఉంది. దూరం నుంచి చూసి మనిషి 'ఒంటరి శిఖరం' అనుకున్నాడు. ఎలకకి ఆ మెడ అడ్డమే కాదు. పైగా మంచుయుగంలో వాతావరణం చల్లబడి, గట్టు మీది చెట్లు వందల మీటర్లు కిందికి దిగాయి. రాతి గూళ్లలో అడవి ఎలకలు పోగేసిన పుల్లల కుప్పలు అక్కడ వేల ఏళ్లు చెడకుండా ఉంటాయి. ఆ పుల్లల్ని చూసి తెలుసుకున్న సంగతిది. అంటే అప్పుడు ఆ మెడ మీద కూడా పచ్చదనం ఉండేది. లోయ అంతటినీ దాటడం వేరు, మెడ దాటడం వేరు.

విష్ణు పేరుకి ఇంకో చివర ఉంది. 1890 ప్రాంతంలో చార్లెస్ వాల్కాట్ అనే శాస్త్రజ్ఞుడు లోయ అడుగున నల్లగా మెలికలు తిరిగిన రాయికి విష్ణు పేరే పెట్టాడు. అదే విష్ణు షిస్ట్, వయసు సుమారు 175 కోట్ల ఏళ్లు. ఒకప్పటి బురదా అగ్నిపర్వతాల బూడిదా సుమారు 20 కిలోమీటర్ల లోతుకి కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ రూపం మారిపోయిన రాయి. ఒక పెద్ద పర్వతశ్రేణి వేళ్లు అవి. ఆ పర్వతాలు పూర్తిగా అరిగి చదునయ్యాక, దాని మీద సముద్రం వచ్చి టపీట్స్ ఇసుకరాయి పరిచింది, 50 కోట్ల ఏళ్ల కిందట. రెంటి మధ్యా 120 కోట్ల ఏళ్ల లెక్క గల్లంతు. నల్లరాయి ఆగిపోయి గోధుమ రంగు రాయి మొదలయ్యే ఆ గీత మీద అరచెయ్యి ఆనిస్తే, చెయ్యి వెడల్పులో అంత కాలం ఇమిడిపోతుంది. చెప్పొచ్చేదేమంటే, నిజంగా భూమి పైకి నెట్టగా లేచిన కొండలు ఇక్కడ ఉండేవి. వాటి మొదళ్లు అడుగున ఉన్నాయి. పైన శిఖరాలు అనుకుని మనం ఫోటోలు తీసుకునేవి కొండలే కావు.

దక్షిణపు గట్టు మీద కాలిబాట ఒకటి వేశారు, అడుగుకింత కాలమని. ఒక్కో మీటరుకి పది లక్షల ఏళ్లు, దారి పొడుగునా ఆయా వయసు రాళ్లు తెచ్చి పెట్టారు, చేత్తో తాకొచ్చు. కైబాబ్ రాయి దగ్గరికి 270 మీటర్లు, నాలుగు నిమిషాల నడక. విష్ణు షిస్ట్ దగ్గరికి 1,750 మీటర్లు. పిల్లలు మధ్యలోనే ఐస్‌క్రీమ్ అడగడం మొదలుపెడతారు.

మనవాళ్లు గండికోటని ఇండియా గ్రాండ్ కేన్యన్ అంటారు. పెన్నా నది కోసిన ఆ లోయ అందమైనదే, నాకు ఇష్టమైనదే. కానీ పోలిక చూపుకే, రాయికి కాదు. గండికోట గట్టు మీద ఉన్న ఎర్రటి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిలో గవ్వలు వెతికితే దొరకవు. అది గవ్వలున్న జీవులు పుట్టకముందు నాటి రాయి. కైబాబ్ కంటే ఎన్నో రెట్లు ముసలిది. గ్రాండ్ కేన్యన్‌లో అంత ప్రాచీన కాలపు రాళ్లు కావాలంటే అడుగుదాకా దిగాలి. గండికోటలో కారు దిగితే చాలు.

కేప్ రాయల్ దగ్గరే ఇంకొకటి ఉంది. గట్టు అక్కడ సన్నటి గోడలా లోయలోకి పొడుచుకొచ్చి, దాని మధ్యలో పెద్ద చిల్లు పడి ఉంటుంది. ఏంజెల్స్ విండో అంటారు. ఒక కోణం నుంచి చూస్తే ఆ కంతలోంచి కింద కొలరాడో నది ముక్క కనిపిస్తుంది. 1963లో ఎగువన గ్లెన్ కేన్యన్ డ్యాం కట్టినప్పటి నుంచీ బురద అక్కడే ఆగిపోతోంది కాబట్టి కొలరాడో అన్న పేరుకి స్పానిష్‌లో అర్థం 'ఎర్రది' అయినా నది ఎక్కువ రోజులు పచ్చగానే ఉంటుంది. చిల్లు పైకప్పు మీదికి దారి ఉంది, రెయిలింగ్ ఉంది. గాలికీ చలికీ వానకీ కింద గోడ రాలుతూనే ఉంది. ఆ కప్పు కూలిన రోజున మెడ తెగి, అవతలి మొన విడిపోతుంది.

నేను చూసేసరికి ఆ తల్లీకొడుకులు దాని మీదే ఉన్నారు. ఆవిడ రెయిలింగ్ వదలకుండా, కొడుకు ఫోన్ వైపు చూసి నవ్వుతోంది.